పావు చుట్టు

ఆ వీధిలో అతన్ని అందరూ భయం మేస్త్రీ అనేవారు. ఎదురుగానే అనేవారు, అతనూ పలికేవాడు. పాత కార్ల ఇంజన్లు విప్పి బిగించడం అతని పని. విప్పేటప్పుడు మామూలు మనిషే. బిగించేటప్పుడు మాత్రం ముచ్చెమటలు పోసేవి. బిగించిన నట్టునే మళ్ళీ పట్టి చూసేవాడు. చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి ఇంకోసారి పట్టి చూసేవాడు. కారు షెడ్డు దాటి పోతుంటే గుమ్మంలో నిలబడి, అది వీధి మలుపు తిరిగేదాకా తల పక్కకి వంచి చప్పుడు వింటూ ఉండేవాడు.

"ఏం మేస్త్రీ, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఆ చూపేంటి?" అని ఎదురుగా కళ్ళద్దాల కొట్టాయన ఎగతాళి చేసేవాడు.

"కూతురైతే ఏదైనా కష్టమొస్తే వచ్చి చెప్పుకుంటుందయ్యా. ఇది నోరులేని జీవం," అనేవాడు మేస్త్రీ.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అతని తండ్రి లారీ డ్రైవరు. చిన్నప్పుడు సాయంత్రాలు తల్లి పొయ్యి ముందు కూర్చుని వంట చేస్తుండేది. వీధిలో ఏ పెద్ద బండి చప్పుడు వినిపించినా ఆవిడ చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయేది. అది ఆయన బండి కాదని తెలిశాక మళ్ళీ కదిలేది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తండ్రి ప్రతిసారీ క్షేమంగానే తిరిగొచ్చాడు. ముసలితనంలో సొంత మంచం మీద, దేవుడి పేరు తలుచుకుంటూ, హాయిగా వెళ్ళిపోయాడు. కానీ గరిటె ఆగిపోయిన ఆ కాసేపు మాత్రం కొడుకు ఒంట్లో ఉండిపోయింది. పానా పట్టుకున్నప్పుడల్లా, ఈ బండి కోసం ఏ ఇంట్లో ఎవరు చెవులు రిక్కించుకుని కూర్చుంటారో అనిపించేది.

వంటింటి వెనక తలుపు తీస్తే అతని షెడ్డే. పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ గచ్చు. గోడకి మేకులు కొట్టి, పానాలన్నీ పెద్దవాటి నుంచి చిన్నవాటిదాకా వరసగా తగిలించి ఉండేవి. వాటిమధ్య ఒక పొడవాటి ఇనప పైపు. ఆ పైపు కిందికి దిగిందంటే ఆ రోజు క్రాంక్ బోల్టు బిగింపు ఉన్నట్టే లెక్క.

ఇంజన్ అడుగున క్రాంక్ షాఫ్ట్ అని ఒక కడ్డీ ఉంటుంది. ఇంజన్ లోపల తిరిగేవన్నీ దాన్ని నమ్ముకుని తిరిగేవే. ఆ కడ్డీ ముందు కొసకి ఒక పుల్లీ, దాని వెనకే ఒక పళ్ళచక్రం ఉంటాయి. ఆ రెంటినీ పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. అది వదులైతే ముందు పుల్లీ ఊగుతుంది. ఊగి ఊగి ఏదో ఒక క్షణంలో పళ్ళచక్రం తప్పుతుంది, ఇంజన్ ఉన్నపళంగా చచ్చిపోతుంది. చదును రోడ్డు మీదైతే పక్కకి ఆపుకోవచ్చు. ఎత్తెక్కే దారిలో, వెనక లారీ తరుముకొస్తుండగా ఆగితే ఏమవుతుందో ఆలోచించడానికే అతనికి ఒళ్ళు జలదరించేది.

ఆ బోల్టు బిగించడంలో ఒక చిక్కుంది. దాన్ని గట్టిగా తిప్పితే దాంతోపాటు ఇంజనూ తిరిగిపోతుంది. అందుకని కారును గేరులో వేసి, లోపల ఒక మనిషి కూర్చుని బ్రేకు తొక్కిపట్టాలి. చక్రాలు నేలమీద లేకుండా స్టాండ్ల మీద ఉన్నప్పుడైతే ఇక ఆ కాలే ఆధారం.

అతని షెడ్డులో ఆ కాలు భార్యది.

కొత్త కాపురం రోజుల్లో సాయానికి మనిషి లేక ఒకసారి ఆవిడను కేకేశాడు. ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "మధ్యది తొక్కు. నేను వదలమనేదాకా వదలకు," అన్నాడు. బోల్టు బిగించాడు, చేతులు కడుక్కున్నాడు, వదలమని చెప్పడం మర్చిపోయి టీ తాగడానికి వీధి చివరికి వెళ్ళిపోయాడు. తీరిగ్గా తిరిగొచ్చేసరికి ఆవిడ మొహమంతా ఎర్రబడి, స్టీరింగు పట్టుకుని, ఇంకా తొక్కే ఉంది.

"వదలమనలేదుగా మీరు," అంది.

ఆ రోజు నుంచి ఆ సీటు ఆవిడది. వీధిలో వాళ్ళు పెడలమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ కూర్చోవడం, కళ్ళు మూసుకుని లోలోపల నామం చెప్పుకోవడం, కింద నుంచి అతను అడగడం, పైనుంచి ఆవిడ పలకడం ఇద్దరికీ ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని అనుకోలేని మాటలన్నీ అక్కడ, ఒకరి మొహం ఒకరికి కనబడకుండా అనుకునేవారు. కూతురికి ఫలానా సంబంధం ఖాయం చేసుకుందామని తేల్చుకున్నది కూడా అతను కారు కింద, ఆవిడ కారులో ఉండగానే.

అలాంటి షెడ్డుకి ఒక రోజు నర్సమ్మగారి కారు వచ్చింది.

నర్సమ్మగారు ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ వీధిలో సగంమందికి మొదటి స్నానం చేయించింది ఆవిడే. తను ఎవరి దగ్గర పనిచేసిందో ఆ డాక్టరుగారు పోతూ పోతూ తన పాత కారు ఆవిడకి ఇచ్చిపోయారు. ఆవిడ దాన్ని పసిబిడ్డలా చూసుకునేది, తనే నడుపుకునేది. ఇప్పుడు ఇంజన్ ముందువైపు నుంచి నూనె కారుతోంది.

"మా అక్కని దాని కూతురింట్లో దింపి రావాలి మేస్త్రీ. కొండదారి కదా, బ్రేకులు కూడా ఒకసారి చూసిపెట్టు," అంది.

అలా కారు నాలుగు స్టాండ్ల మీదికి ఎక్కింది. మేస్త్రీ చక్రాలు విప్పి, బ్రేకులు చూసి, మళ్ళీ తొడిగాడు. పుల్లీ ఊడదీసి, నూనె కారుతున్న సీలు తీసి కొత్తది వేశాడు. అన్నీ అయ్యాక గోడమీది పైపు దించి, వంటింటి వైపు తిరిగి, "ఏమే, రా!" అని కేకేశాడు.

ఆవిడ వచ్చి కూర్చుంది.

"గేరులో ఉందా?"

"ఉంది."

"సరిగ్గా చూడు."

"ఉందండీ. గేరు కూడా మీకు భయపడి అక్కడే ఉంది."

"తొక్కు."

"తొక్కా."

అతను వెల్లకిలా పడుకుని బోల్టుకి పానా తగిలించాడు. ఎంత బిగువుందో కొలిచి చెప్పే పానా ఒకటి అతని దగ్గర ఉంది గానీ, ఆ సందులో రేడియేటరు అడ్డం, అది పట్టదు. అందుకని అతని పద్ధతి ఒకటే. ముందు చేతి బలంతో ఆగేదాకా బిగించాలి. తర్వాత పానాకి పైపు తొడిగి, ఒళ్ళంతా పెట్టి, ఇంకో పావు చుట్టు తిప్పాలి. ఆ పావు చుట్టులోనే బోల్టు ప్రాణమంతా ఉంటుంది.

పైపు తొడిగి లాగాడు. పావు చుట్టు వచ్చింది. ఎప్పుడూ భుజాలు మండేవి, ఈసారి కాస్త తేలిగ్గా వచ్చినట్టు అనిపించింది. అతను ఆగాడు.

"తొక్కావా సరిగ్గా?"

"తొక్కానండీ బాబూ! మధ్యలో పలకరిస్తే నా నామం లెక్క తప్పుతోంది."

మరలకి కొత్తగా నూనె రాశాను కదా, అందుకే అయ్యుంటుంది అనుకున్నాడు. పైపు తీసి, ఒట్టి పానాతో పట్టి చూశాడు. రాయిలా ఉంది. మళ్ళీ పట్టి చూశాడు. రాయే. సాయంత్రం కారు దింపి వీధి చుట్టూ నడిపి చూశాడు. చప్పుడు చక్కగా ఉంది. నర్సమ్మగారు వచ్చి తీసుకుపోయింది. అతను అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా విన్నాడు.

మర్నాడు పొద్దున్న దేవుడికి దణ్ణం పెట్టుకుని, టీ గ్లాసుతో షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. భార్య నీళ్ళ బకెట్టుతో పెరడు దాటి వస్తోంది. కాలువ దగ్గర ఆవిడ కుడికాలి చెప్పు జారి వెనకే ఉండిపోయింది. ఆవిడ ఆగలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఒట్టిగా, కంకర మీద నడిచి, ఇనప రజను రాలిన గచ్చు మీద నడిచి, అతని పక్కనుంచే లోపలికి పోబోయింది.

"ఏమే, చెప్పు అక్కడ వదిలేసి పోతున్నావేంటి? దానికి సెలవిచ్చావా?" అని నవ్వాడు.

ఆవిడ వెనక్కి తిరిగి చెప్పును చూసింది. తర్వాత వంగి తన పాదాన్ని చూసుకుంది. బకెట్టు నెమ్మదిగా కింద పెట్టింది.

"తెలియలేదండీ," అంది.

"చెప్పు జారితే తెలియకపోవడమేంటే?"

ఆవిడ, ఎవరిదో తప్పు చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "కొన్నాళ్ళుగా ఆ కాలు నాది కానట్టు ఉంటోంది. దూది మీద నడిచినట్టు. అదే తగ్గుతుందిలే అనుకున్నా," అంది.

అతను గ్లాసు పక్కన పెట్టి లేవబోయాడు. లేస్తూ లేస్తూ ఉండగా, నిన్న చేతిలో తేలిగ్గా వచ్చిన పైపు గుర్తొచ్చింది. మళ్ళీ అలాగే కూలబడ్డాడు.

"నిన్న ఏ కాలితో తొక్కావు?"

"ఎప్పుడూ తొక్కే కాలితోనే."

"తొక్కినట్టు తెలిసిందా నీకు?"

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. కళ్ళు మూసుకుని, నిన్నటి సీటులోకి మళ్ళీ వెళ్ళి కూర్చున్నట్టు ఆలోచించింది. "తొక్కాననే అనుకున్నానండీ. నామం చెప్పుకుంటున్నా. కాలు పెడల్ మీదే ఉందనుకున్నా. ఎంత గట్టిగా ఉందో..." అని ఆగిపోయింది.

అతనికి అంతా కళ్ళకి కట్టింది. మెత్తగా ఆనిన కాలు. అతను పైపు లాగగానే గాలిలో ఉన్న చక్రం, చప్పుడు చేయకుండా, బెత్తెడు తిరిగిపోయి ఉంటుంది. దాంతో ఇంజనూ తిరిగింది. తిరిగింది ఇంజను, బోల్టు కాదు. ఆ పావు చుట్టు అసలు బోల్టులోకి ఎక్కనేలేదు. తర్వాత ఒట్టి పానాతో పట్టి చూసినప్పుడు రాయిలా ఉండక ఏమవుతుంది? చేతి బలానికి అది అంతవరకు బిగిసే ఉంది మరి. కొండ ఎక్కే ఇంజన్ అదురుకి ఆ బిగువు ఒక లెక్కా?

"నాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెబితే ఆ సీట్లో ఇంకెవర్నో కూర్చోబెడతారని," అంది ఆవిడ.

ప్రపంచంలో ఉన్న ప్రతి నట్టుకీ బోల్టుకీ భయపడ్డాడు ఇన్నేళ్ళూ. ఆ కాలు గురించి మాత్రం ఒక్కనాడూ భయపడలేదు.

నర్సమ్మగారికి ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఆవిడ ఫోను సంచిలో పడేసి, సంచి డిక్కీలో పెడుతుంది. ఎంత మంచి అలవాటమ్మా అని ఆవిణ్ణి మెచ్చుకున్నది మేస్త్రీయే. పక్కింటివాళ్ళకి చేస్తే, "తెల్లారగానే బయల్దేరారుగా అక్కాచెల్లెళ్ళు," అన్నారు.

స్కూటరు తీశాడు. పానా సంచిలో వేసుకున్నాడు. భార్య అప్పటికే పైపు ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు?"

"నా కాలు చేసిన పని. నేనూ వస్తా."

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపి అడిగాడు. "నర్సమ్మగారా? ఎప్పుడో వెళ్ళారు. అక్కగారు తల బయట పెట్టుకుని కూర్చున్నారు పాపం, ఆవిడకి కారు పడదట," అన్నాడు బంకతను.

కర్రల అడితీలు దాటాయి, ఇటుక బట్టీలు దాటాయి. రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి లేవడం మొదలైంది. మేస్త్రీ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. నూనె చుక్క కనిపిస్తే గుండె ఆగేది. నల్ల తాడు ముక్క కనిపిస్తే తెగిన బెల్టేమోనని ప్రాణం పోయేది. ఒకచోట దుమ్ములో ఏదో ఇనప ముక్క మెరిసింది. స్కూటరు ఆపి, దిగి, చేత్తో తీసి చూశాడు. ఎవరిదో ఎడ్లబండి చీల. దాన్ని ఎందుకో జేబులో వేసుకున్నాడు. మళ్ళీ తీసి పారేశాడు.

"దేవుడా, దేవుడా," అని తప్ప ఇంకో మాట రావడం లేదు అతని నోటికి. వెనక నుంచి ఆవిడ నామం వినబడుతూనే ఉంది. ఒక లోయ పక్కగా పోతున్నప్పుడు అది ఆగింది.

"ఏమైంది?"

"కిందికి చూస్తున్నా."

"ఏమైనా కనబడిందా?"

"లేదు. మీరు చూడకండి. బండి చూసి నడపండి."

ఇంకో మలుపు తిరిగేసరికి ఎదురుగా జనం. బళ్ళు వరసగా ఆగి ఉన్నాయి. మనుషులు రోడ్డు అంచున గుమిగూడి ఉన్నారు. మేస్త్రీ స్కూటరు ఆపాడు గానీ దిగలేకపోయాడు.

"నేను చూసొస్తా," అని ఆవిడ దిగింది. ఆ పట్టులేని కాలిని చూసి చూసి వేసుకుంటూ జనంలోకి వెళ్ళింది. ఆవిడ చీర కొంగు జనం మధ్య కనబడకుండా పోయాక, అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోవడమంటే ఏమిటో అతనికి లోపలినుంచి తెలిసింది.

"ఉల్లిపాయల లారీ అండీ," ఆవిడ గొంతు వినబడింది. "టైరు పేలి గోడకి ఆనుకుంది. మనది కాదు."

అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఎవరికో వచ్చిన కష్టం చూసి దేవుడికి దణ్ణం పెట్టబోయాడు కదా తను. "వాళ్ళకి దెబ్బలేమైనా తగిలాయేమో అడుగు," అన్నాడు.

లారీ డ్రైవరు రాతి మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. మేస్త్రీ అతన్నే కారు గురించి అడిగాడు. "ఏం కాలేదు పెద్దాయనా. పాత కారా? ఇద్దరాడవాళ్ళేగా? ఇప్పుడే పైకి పోయారు. నా చెయ్యి గీరుకుంటే మందు రాసి, ఈ నీళ్ళ సీసా కూడా ఇచ్చిపోయింది ఆ తల్లి," అన్నాడు.

ఇప్పుడే అన్న మాట పట్టుకుని మేస్త్రీ స్కూటరును గట్టిగా లాగించాడు. మలుపు, మళ్ళీ మలుపు. ఆ పై మలుపులో, పిట్టగోడ పక్కన, కారు కనబడింది. నర్సమ్మగారి అక్క గోడమీద కూర్చుని నెత్తిన తడిగుడ్డ వేసుకుంటోంది. నర్సమ్మగారు డ్రైవరు సీటులో, తాళంచెవి మీద చెయ్యేసి, "ఇక ఎక్కవే, ఉన్నదంతా కక్కేశావు కదా, ఇంకేం మిగిలింది?" అంటోంది.

"స్టార్టు చేయొద్దు! అమ్మా, చేయొద్దు!" అని మేస్త్రీ అరిచిన అరుపుకి గోడమీది అక్కగారు ఉలిక్కిపడి గుడ్డ లోయలోకి జారవిడిచింది.

అతను ఇంకేమీ చెప్పకుండా బానెట్ ఎత్తాడు. రేడియేటరు పక్క సందులోంచి చెయ్యి దూర్చి, వేడి లెక్కచేయకుండా, పుల్లీ పట్టుకుని ఊపాడు.

టక్. టక్.

చిన్న చప్పుడే. పక్కనున్నవాళ్ళకి వినబడి కూడా ఉండదు. అతను మాత్రం బంపరు పట్టుకుని అలాగే రోడ్డు మీద చతికిలబడ్డాడు.

"ఏమైంది మేస్త్రీ?" నర్సమ్మగారు దిగి వచ్చింది.

అతను దాచలేదు. బోల్టు సంగతి చెప్పాడు, బిగించానని పంపింది నిజానికి బిగియలేదని చెప్పాడు. కాలు సంగతి మాత్రం చెప్పలేక ఆగాడు. అది అతని భార్యే చెప్పింది. "ఆయన తప్పేం లేదమ్మా. నా కాలు జారింది, నాకు తెలియలేదు."

నర్సమ్మగారు పైకి పోయే రోడ్డు వైపు చూసింది. తర్వాత గోడ అవతలికి చూసింది. "అంటే, ఇంకా ఆపకుండా పోయుంటే..."

"అవునమ్మా," అన్నాడు మేస్త్రీ.

"చూశావా, వాంతి చేసుకుంటానంటే దారిపొడుగునా తిట్టావు నన్ను!" అంది అక్కగారు. అనేసి, తన మాట తనకే అర్థమై, గబుక్కున చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

మేస్త్రీ లేచాడు. ఇంజన్ కాస్త చల్లారనిచ్చి, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. గేరు వేశాడు. బోల్టు తీసి, లోపల పళ్ళచక్రం తన చోటునే ఉందని వేలితో తడిమి చూసుకున్నాడు. పానా అందుకుని కారు కిందికి దూరాడు. పిలవకుండానే భార్య అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు మీద చెయ్యేసి ఆగిపోయింది. అతను కింద నుంచి ఆ కాళ్ళను చూశాడు. రమ్మనలేకపోయాడు, వద్దనలేకపోయాడు.

"మీరు కూర్చోండమ్మా," అంది ఆవిడ నర్సమ్మగారితో. "మధ్యది. ఆయన వదలమనేదాకా వదలకండి."

తను వెనక చక్రం దగ్గరికి వెళ్ళి, రోడ్డు మీద కూర్చుని, రెండు అరచేతులూ టైరుకి ఆనించింది. "నేనిక్కడ చూస్తా. కదిలితే చేతులకి తెలుస్తుంది."

"తొక్కారా అమ్మా?"

"తొక్కాను."

మేస్త్రీ చేతి బలంతో ఆగేదాకా బిగించాడు. పైపు తొడిగాడు. పాదాలు రోడ్డుకి తన్నిపెట్టి లాగాడు. పైపు కదల్లేదు. మళ్ళీ లాగాడు. భుజాల్లో నరాలు తెగిపోతాయేమో అనిపించింది. అప్పుడు, మొండిగా, వెంట్రుకవాసి చొప్పున రావడం మొదలైంది. నిన్నటి పావు చుట్టు ఎంత అబద్ధమో ఆ చేతులకి ఇప్పుడు తెలిసింది. ఆ అబద్ధాన్ని కొత్త నూనె మీదికి తోసేసింది ఎవరో కాదు, భయం మేస్త్రీయే.

"కదిలిందా?" అని అరిచాడు.

"కదల్లేదండీ. తిప్పండి."

"ఇప్పుడు?"

"కదల్లేదు."

ఆ గొంతు వింటూ పావు చుట్టు పూర్తి చేశాడు. పుల్లీ పట్టి ఊపాడు. చప్పుడు లేదు. ఇంకోసారి ఊపాడు. లేదు. బయటికి వచ్చి, మొహం తుడుచుకుని, "వదిలేయండమ్మా," అన్నాడు. అనడం మర్చిపోలేదు.

అయిపోయిందనే అనుకున్నాడు. పానా తుడిచి సంచిలో పెట్టుకుంటుంటే, నర్సమ్మగారు అతని భార్యను గోడమీద కూర్చోబెట్టడం కనిపించింది. "ఏదీ, ఆ కాలు ఇటు పెట్టు," అంటూ పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకుంది. నీళ్ళు పోసి, తన పైటకొంగుతోనే దుమ్ము తుడిచింది.

"అయ్యో, మీ చీర అమ్మా..."

"నోర్మూసుకుని కళ్ళు కూడా మూసుకో. గుచ్చినట్టు తెలిసినప్పుడల్లా చెప్పు."

ఆవిడ బుద్ధిగా కళ్ళు మూసుకుంది. నర్సమ్మగారు జుట్టులోంచి పిన్ను తీసి, బొటనవేలి మీద ఆనించింది. తర్వాత వేళ్ళ మొదట. తర్వాత అరికాలు మధ్యలో, కాస్త గట్టిగా. మడమ మీద. మేస్త్రీ సంచి చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. పిన్ను ఆనినచోటల్లా చర్మం సొట్టపడి, ఎర్రటి చుక్క లేచి కనబడుతోంది. భార్య మొహం మాత్రం గుళ్ళో కూర్చున్నట్టు ప్రశాంతంగా ఉంది.

కాసేపటికి ఆవిడ కళ్ళు తెరవకుండానే అడిగింది: "ఎప్పుడు మొదలుపెడతారమ్మా?"

నర్సమ్మగారి చెయ్యి ఆగిపోయింది.

అక్కగారు తల పక్కకి తిప్పుకుంది. మేస్త్రీ చేతిలోంచి సంచి జారి పానా రోడ్డు మీద ఖణేలుమంది. ఆ చప్పుడుకి ఆవిడ కళ్ళు తెరిచి, అందరి మొహాలూ చూసి, తర్వాత తన పాదం మీది ఎర్ర చుక్కలు చూసుకుంది.

"ఇవన్నీ ఇప్పుడు గుచ్చినవేనా?" అంది మెల్లగా.

నర్సమ్మగారు పాదం పైకెత్తి కింది వైపు చూసింది. మడమ దగ్గర కాలిన బొబ్బ ఒకటి పగిలి, చుట్టూ నల్లబడి ఉంది. ఎప్పుడు కాలిందో, పొయ్యి దగ్గరో షెడ్డులోనో, ఆ మనిషికే తెలియదు.

"షుగరు ఎప్పుడైనా చూపించుకున్నావా?"

"మా వైపు ఎవరికీ లేదమ్మా."

"మీ వైపు ఎవరికీ లేదా, ఎవరూ చూపించుకోలేదా?" అంది నర్సమ్మగారు. విసుక్కున్నట్టే అంది గానీ, పాదాన్ని మాత్రం ఒళ్ళోంచి దించలేదు. మేస్త్రీ వైపు తిరిగింది. "మేస్త్రీ, ఇది రేపటిదాకా ఆగేది కాదు. పుండు లోపలికి ఎంత పోయిందో చూడాలి. కాలు నిలబెట్టుకోవాలంటే ఇవాళే ఆస్పత్రికి పోవాలి. నేను తీసుకెళ్తా."

"నిలబెట్టుకోవాలంటే" అన్న మాట మేస్త్రీ చెవుల్లో గింగురుమంది. అంటే నిలబడకపోవచ్చు అని కదా దాని అర్థం?

"మరి మీ ప్రయాణం అమ్మా? అక్కగారి కూతురు ఎదురుచూస్తుంటుందేమో," అంది భార్య.

"దానికి ఫోను చేస్తే సరిపోతుంది. ఏమే అక్కా, వెనక్కి పోదామా?"

"మళ్ళీ అవే మలుపులా దేవుడా!" అని అక్కగారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. అంటూనే లేచి, ముందుగా వెనక సీట్లో ఎక్కి కూర్చుని, ఒళ్ళో తన శాలువా మడిచి వేసుకుంది. "రా అమ్మా, ఆ కాలు ఇక్కడ పెట్టు. నాకు వికారం పుడితే మాత్రం అటు జరగాలి, ముందే చెబుతున్నా."

భార్య కారెక్కేముందు పైపు అతనికి అందించింది. "మీరు నెమ్మదిగా రండి. నాకేం నొప్పి లేదు," అంది, ధైర్యం చెబుతున్నట్టు.

నొప్పి లేదన్న మాటకి అంత భయం వేస్తుందని అతనికి ఇంతవరకు తెలియదు.

నర్సమ్మగారు తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది. మేస్త్రీ అక్కడే, తల పక్కకి వంచకుండా నిలబడ్డాడు. కారు వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టాక స్కూటరెక్కి దాని వెంట పడ్డాడు. వెనక అద్దంలోంచి భార్య తల వెనక భాగం కనబడుతోంది. అక్కగారు ఏదో చెబుతున్నట్టుంది, ఆ తల ఊగుతోంది. మలుపు వచ్చినప్పుడల్లా కారు కొండ చాటుకి పోయేది. మళ్ళీ కనబడేదాకా అతను ఊపిరి పీల్చేవాడు కాదు. కనబడగానే వెనక అద్దంలో ఆ తల ఉందో లేదో చూసుకునేవాడు.

పొద్దుట్నుంచి బోల్టు గురించి దేవుడికి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నాడో. ఇప్పుడు ఏమని అడగాలో మాట దొరకడం లేదు. ఆవిడ రోజూ చెప్పుకునే నామం ఒకటి తెలుసు అతనికి. కారు కింద పడుకుని వినడమే గానీ తను ఎప్పుడూ చెప్పి ఎరగడు. సగం సగంగా, మధ్యలో తప్పుతూ, అదే మొదలుపెట్టాడు. కింద ఉల్లిపాయల లారీ దగ్గర జనం పక్కకి జరిగి కారుకి దారి ఇస్తున్నారు.